పసుపు కొవ్వు, పలచని సున్నం

నాకు ఆ ఉద్యోగం తెలివితేటల వల్ల రాలేదు. ఎవరూ అడగకపోవడం వల్ల వచ్చింది.

గోదావరి ఒడ్డున ఒక మునిసిపాలిటీలో కబేళాకీ మాంసం దుకాణాలకీ ఇన్‌స్పెక్టరు కావాలన్నారు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో వచ్చేవాళ్ల మనవలు ఇంకా ఆ వీధుల్లోనే తిరుగుతున్నారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఊళ్లో బోలెడుమంది. గుమాస్తా పని కోసం కచేరీ మెట్లు అరగదీసినవాళ్లూ ఉన్నారు. కాని పొద్దున్నే కబేళాకి వెళ్లి, కోసిన గొడ్డు కార్జాన్ని చేతిలోకి తీసుకుని చూడాలంటే ఒక్కరూ ముందుకు రాలేదు. మాలపల్లెలో పుట్టి మిషను బడిలో చదువుకున్న నేను దరఖాస్తు పెట్టాను. పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆఫీసు గుమాస్తా నా కాగితం చూసి, "మీవాళ్లకి అలవాటేగా," అన్నాడు. ఎత్తిపొడుపుగానే అన్నాడు. నేను దాన్ని అర్హత కింద తీసుకున్నాను. ఇన్నేళ్ల తరవాత ఆలోచిస్తే, ఆ మనిషి తెలియకుండానే నిజం చెప్పాడనిపిస్తుంది.

ఈమధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఉంటుంది. అందులో రోగాల పేర్లున్నాయి, బొమ్మలున్నాయి. మంచిదే, చదవండి. కాని ఆ బొమ్మలో ఉన్న గొడ్డు మన గోదావరి జిల్లాలో పుట్టలేదు. అది తిన్న గడ్డి మన దగ్గర మొలవదు. అది ఏ రోగంతో చచ్చిందో పుస్తకం చెబుతుంది, బతికినన్నాళ్లూ ఏం మేసిందో చెప్పదు. నా ఉద్యోగంలో సగం ఆ రెండో సంగతి తెలుసుకోవడమే.

మా అమ్మ కుండ

మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా నాన్న ఒక పెద్దరైతు దగ్గర పాలేరు. మా ఇంట్లో పెద్దమాంసం వండినప్పుడు పొయ్యి మీద కుండ పెట్టకముందే మా అమ్మ ఒక ప్రశ్న అడిగేది.

"ఏం మేసిందో అడిగావా?"

మా నాన్న విసుక్కునేవాడు. "మేసింది ఏదైతే ఏంటే? చచ్చాక గొడ్డు గొడ్డే."

"అయితే నువ్వే వండుకో."

ఆ మాటతో మా నాన్న మళ్లీ లేచి కసాయి ఇంటికి వెళ్లేవాడు. కనుక్కుని వచ్చేవాడు.

అమ్మ లెక్క ఇది. ఏడాదంతా ఎండుగడ్డి తిని నాగలి లాగిన ముసలి ఎద్దు అయితే, దాని మాంసానికి తనదంటూ రుచి లేదు. వరిగడ్డికి ఏం రుచి ఉంటుంది? కొవ్వు తక్కువ, ఉన్నది తెల్లన. నరం ఎక్కువ. దానికి చింతపండు, మిరపకాయ దండిగా పడాలి. పొయ్యిలో సన్నసెగ పెట్టి, మూత మీద నీళ్లు పోసి, మధ్యాహ్నం మొదలుపెడితే దీపాల వేళకి దిగేది. ఉప్పు చివర్లో వేసేది. ముందే వేస్తే మొండికేస్తుందనేది.

నువ్వుల తెలగపిండి పెట్టి బలిపించిన పశువు అయితే కొవ్వు మెత్తన. వేడి తగలగానే కరిగి పైకి తేలిపోతుంది, కింద ముక్క ఎండి పీచవుతుంది. అలాంటప్పుడు అమ్మ నీళ్లు తక్కువ పోసి, మంట ఇంకా తక్కువ పెట్టేది. ఉడికించిన ఉలవలు తిన్న ఎద్దు, అంటే పందెపుటెడ్లలో కాలు విరిగిందో, షావుకారు బండి ఎద్దు ముసలిదైందో, అలాంటిది దొరికితే మా పేటలో పండగే. గట్టి కొవ్వు, తెల్లగా, నాలిక మీద కొంచెం తియ్యగా ఉండేది. ఆ కూరలో అమ్మ మసాలా వేసేది కాదు. "దానికి ఉన్న రుచి దానికి ఉండనీ," అనేది.

అన్నిటికన్నా అమ్మకి ఇష్టమైనది పిల్లిపెసర మేసిన పశువు. మన డెల్టా రైతులకి చెప్పక్కర్లేదు. వరి కోతకి ముందే, చేలో తడి ఉండగానే, వరి మధ్యలో పిల్లిపెసర విత్తనం చల్లేస్తారు. పుష్యంలో వరి కోసి పనలు ఎత్తేసరికి కింద పచ్చటి తీగ పరుచుకుని ఉంటుంది. మాఘం, ఫాల్గుణం పశువులు అందులోనే. నిన్నటిదాకా పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉన్న గొడ్డు నున్నబడి మెరుస్తుంది. ఆ మాంసం ముదురు ఎరుపు. తొందరగా ఉడుకుతుంది. మూత తీస్తే పచ్చిమేత వాసన, చేలో పొద్దున్నే నడిచినట్టు ఉండేది. ఇక కొవ్వు పసుపు రంగు. వెన్న కాచినప్పుడు నెయ్యి ఎలా ఉంటుందో అలా. ఆ కొవ్వు కరిగి కూర మీద తేలితే, దాంట్లో జొన్నరొట్టె ముంచుకుని తిన్నాం మేం, అన్నం లేని రోజుల్లో కూడా. ఇప్పటికీ ఫాల్గుణం వస్తే నా నోరు ఆ రంగుని గుర్తుచేసుకుంటుంది.

చచ్చిన గొడ్డు తింటారని మమ్మల్ని ఎత్తిపొడిచిన పెద్దలు చాలామందే ఉన్నారు. ఆకలికి తిన్న కుటుంబాలు ఉన్నాయి, దాచను. రోగంతో చచ్చినది తినొద్దని మా పేటలో ఇల్లిల్లూ తిరిగి తగవులాడినవాణ్ణి నేనే. కాని ఎత్తిపొడిచిన పెద్దల్లో ఒక్కడైనా, మీ పొట్టకి ఇంకేమైనా దొరికే దారి చూపిస్తానన్నాడా? అనలేదు. కాబట్టి ఆ మాట అక్కడితో వదిలేద్దాం.

అడగడం నేర్పిన సాయంకాలాలు

అమ్మ ముక్కుని నమ్మడం నేర్పింది. ముక్కుని కూడా ప్రశ్నించడం రాజమండ్రిలో నేర్చుకున్నాను. చదువుకునే రోజుల్లో సాయంకాలం సభలకి పోయేవాణ్ణి. వితంతువులకి పెళ్లిళ్లు చెయ్యాలా, ఆడపిల్లలకి చదువు చెప్పాలా అని పెద్దలు గొంతులు పోయేలా వాదించుకునేవాళ్లు. నేను వెనక గోడకి ఆనుకుని వినేవాణ్ణి. రెండు ఆయుధాలు సంపాదించుకున్నాను. "శాస్త్రంలో ఉంది" అన్నవాణ్ణి "ఎక్కడ?" అని అడగడం ఒకటి. "అందరూ అంటున్నారు" అన్నవాణ్ణి "చూసినవాడెవడు?" అని అడగడం రెండోది. వాటిని పంతుళ్ల మీదా వాడాను, మా పాస్టరు గారి మీదా వాడాను. ఇద్దరికీ సమానంగానే కోపం వచ్చింది. అప్పుడు నమ్మకం కుదిరింది, ఆయుధం మంచిదేనని.

ఉద్యోగంలో చేరాక కాకినాడలోనూ కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ ఒకసారి మాంసం చేపల కంపు కొడుతోందని రభస అయింది. కసాయి చేపల బుట్టలో పెట్టి తెచ్చాడని ఒకడు, దిష్టి తగిలిందని ఒకడు. నేను ఆ గొడ్డు వచ్చిన పల్లె కనుక్కుని నడిచి వెళ్లాను. సముద్రం ఒడ్డు. గడ్డి దొరకని రోజులు. పల్లెవాళ్లు ఎండుచేపల తలకాయలు దంచి కుడితిలో కలిపి పశువులకి పెడుతున్నారు. వాళ్లని తప్పుపట్టేదేముంది? గొడ్డు బతికింది. ఎండుచేపల నూనె వాసన మాత్రం కొవ్వులో చేరింది. కొన్ని వారాలు గడ్డి మీద ఉంచి కోస్తే కంపు తగ్గింది. దిష్టి తీసినవాడు తన వల్లే తగ్గిందన్నాడు, అది వేరే సంగతి.

యానాంలో ఒక ఫ్రెంచి దొర దగ్గర వంటవాడు ఉండేవాడు, మా చుట్టమే. ఉప్పునేల గడ్డి మేసిన పశువు మాంసం అంటే ఆ దొర ప్రాణం పెట్టేవాడట. "ఆ మాంసానికి ఉప్పు సగం చాలురా. సముద్రమే వేసి పంపిస్తుంది," అనేవాడు మా చుట్టం. రుచి చూశాను. ముక్కలో ఉప్పు ఉందని నేను ఒప్పుకోను, కాని రుచి వేరేగా ఉందన్నది నిజం. ఎందుకో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడకండి. ఈ ఉద్యోగంలో నేను చూసిన పెద్ద తప్పులన్నీ తెలియదనలేనివాళ్లు చేసినవే.

పసుపు కొవ్వు

ఇక అసలు కేసు.

నాకు ఆ ఉద్యోగం ఇచ్చిన ఊళ్లో పెద్దమాంసం దుకాణం ఒక్కటే. నడిపేవాడు ఇమాం సాయిబు. మంచి కసాయి, అంతకన్నా మంచి వాగుడుకాయ. తన కత్తి పదునుకి గొడ్డుకి నొప్పి తెలియదని చెప్పుకునేవాడు. గొడ్డు వచ్చి చెప్పిందా అని నేననేవాణ్ణి. భార్య, ముగ్గురు ఆడపిల్లలు, కళ్లు కనపడని తల్లి. ఆ దుకాణం తప్ప ఇంకో ఆధారం లేదు.

మామూలుగా మా ఊరికి వచ్చేవి వరిగడ్డి తిన్న ముసలి ఎడ్లు. జనం కళ్లు తెల్లకొవ్వుకే అలవాటుపడ్డాయి. ఆ ఏడు ఖరీఫులో గోదావరి పొంగి గడ్డివాములు కొట్టుకుపోయాయి. రైతులు మేత లేక, పిల్లిపెసర ఉన్నన్నాళ్లు మేపి, వయసులో ఉన్న పశువుల్ని కూడా అమ్ముకున్నారు. ఫాల్గుణం నుంచి ఇమాం దుకాణంలో పసుపు కొవ్వు వేలాడింది. చైత్రం చివర, ఏటా చేసేట్టే, కాలువలకి నీళ్లు కట్టేశారు. వైశాఖం నడిచేసరికి బజారు వెనక పేటల్లో కళ్లు పచ్చబడడం మొదలైంది. కామెర్లు.

జనం రెండిటినీ కలిపేశారు. పచ్చటి కొవ్వు, పచ్చటి కళ్లు. కామెర్ల గొడ్డు తింటే కామెర్లు రావూ? చిన్నపిల్లాడికైనా అర్థమయ్యే తర్కం. చిన్నపిల్లలు వేసే తర్కమే. కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. మా ఊళ్లో కామెర్లు రానివాళ్లకే ముందు అలా కనిపించింది.

ఒకరోజు పొద్దున్నే, ఆనకట్ట దగ్గర ఇంజనీరు దొర బంగళాలో బట్లరు దానియేలు రొప్పుతూ వచ్చాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, మా దొరసాని గారు సూపు నోట్లో పెట్టుకుని ఉమ్మేశారండి. సబ్బు అంటున్నారండి. ఇన్నేళ్ల సర్వీసులో నేను సూపులో సబ్బు వేస్తానాండి?"

"కొవ్వు కరిగిందా దానియేలూ?"

"అదేనండి నా ఏడుపు! కరగలేదండి. తెల్లగా పిండిముద్దల్లా తేలిందండి."

నేను తిన్నగా ఇమాం దుకాణానికి వెళ్లాను. కొక్కేనికి వేలాడుతున్న తొడ మీద కొవ్వు తెల్లగా ఉంది. గోటితో గీరాను. తెలుపు గోట్లోకి వచ్చింది. కింద పసుపు.

"ఇదేంటి సాయిబూ?"

ఇమాం అటూ ఇటూ చూశాడు. "సున్నమండి. పలచగా పూశానంతే. తమలపాకులోకి తినేదేగా, విషమా?"

"ఆకులో వేసుకుంటే నోరు పండుతుంది. కొవ్వుకి పూసి ఉడికిస్తే సబ్బు అవుతుంది. సబ్బు ఎలా చేస్తారనుకున్నావ్?"

"మరేం చెయ్యమంటారండి? పచ్చగా కనపడితే దుకాణం ముందు ఆగట్లేదు ఎవరూ. నిన్న ఒకావిడ పిల్లాడి కళ్లు మూసి మరీ తీసుకుపోయిందండి!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ గొడ్డుకి రోగం లేదని నేను చూసి ముద్ర వేశాను. నిజం నీ వైపు ఉంటే దాని మీద సున్నం కొట్టావు. ఇప్పుడు నువ్వు దాచావంటే దోషం ఉన్నట్టేగా!"

"మీకు నిజం జీతం ఇస్తుందండి," అన్నాడు ఇమాం నెమ్మదిగా. "నాకు ఇవ్వదు. కొనేవాడు ఇస్తాడు."

సున్నం పూసిన మాంసమంతా గొయ్యి తీయించి పాతిపెట్టించాను. ఇమాం అడ్డం చెప్పలేదు. కాని అప్పటికే ఆలస్యమైంది. కసాయి సున్నం పూస్తున్నాడన్న మాట దానియేలు బంగళా చేరకముందే బజారంతా చేరింది.

గుమ్మం దాటని సాక్ష్యం

మునిసిపల్ ఆఫీసుకి అర్జీ వచ్చింది, దుకాణం శాశ్వతంగా మూయించాలని. సంతకాలు పెట్టినవాళ్లలో నిజంగా భయపడ్డవాళ్లున్నారు. గోవు మీద భక్తితో, ఇదే అదను అని పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ భక్తిని నేను తప్పుపట్టను. ఎవరి నమ్మకం వారిది. కాని భక్తి భక్తిగానే రావాలి. వైద్యం వేషం కట్టుకుని రాకూడదు. అర్జీ పట్టుకొచ్చిన వకీలు గారితో ఆ మాటే అన్నాను. ఆయన నా మొహం చూడకుండా నా భుజం మీదుగా గోడని చూస్తూ వెళ్లిపోయాడు.

కమిటీ కూర్చుంది. చైర్మన్ గారు పెద్ద కుటుంబం మనిషి, నిష్ఠాపరుడు. లంచం ముట్టడు, అబద్ధం ఆడడు. పక్కన ఆస్పత్రి డాక్టరు, మద్రాసులో చదివివచ్చినవాడు. నన్ను లోపలికి రమ్మనలేదు. గుమ్మం బయట మెట్టు మీద నిలబడి చెప్పాను.

"అయ్యా, కామెర్లు వచ్చిన పశువుకి కొవ్వు ఒక్కటే పచ్చబడదండి. కంటి తెల్లగుడ్డు పచ్చబడుతుంది. తెల్లటి నరాలు పచ్చబడతాయి. కీళ్ల దగ్గర మెత్తటి ఎముక కూడా పచ్చబడుతుంది. పిల్లిపెసర తిన్నదానికి కొవ్వు తప్ప మిగతావన్నీ తెల్లగానే ఉంటాయండి. తల, కాళ్లు గంపలో తెచ్చాను. గేటు దగ్గర ఉంది. మీరు చూస్తే చాలండి."

చైర్మన్ గారు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "ఏంటీ, ఆఫీసు గేటు దగ్గరికి తెచ్చావా? ఏమయ్యా యోహానూ, నీకు మతి ఉందా? తీసెయ్, ముందు తీసెయ్!"

"తీసేస్తానండి. మీరే కబేళాకి రండి, అయితే."

"నేనా!"

గదిలో ఎవరో నవ్వారు. ఇన్ని సభల్లో ఇన్ని వాదాలు విన్నాను. వాదం ఓడిపోవడం చూశాను, గెలవడం చూశాను. సాక్ష్యమే గుమ్మం దాటలేకపోవడం అక్కడే చూశాను. మన దేశంలో చాలా నిజాలకి ఇదే గతి. అవి తప్పని ఎవరూ రుజువు చెయ్యరు. లోపలికి రానివ్వరు, అంతే.

డాక్టరు మాత్రం వచ్చాడు, ముక్కుకి రుమాలు పెట్టుకుని. కన్ను చూపించాను, నరం చూపించాను. పక్కన గడ్డి తిన్న ఎద్దు కొవ్వు పెట్టి చూపించాను. రెండిటి నుంచి చెరో ముక్కా అక్కడే పొయ్యి మీద ఉడికించాను. పిల్లిపెసరది మెత్తబడి పచ్చటి నూనె తేలింది, వాసన చూసి ఆయన రుమాలు కొంచెం దించాడు. రెండోది అప్పటికింకా బూటు అట్టలా ఉంది.

"నువ్వు చెప్పింది నిజంలాగే ఉంది," అన్నాడు. "మరి కామెర్లు దేని వల్ల వస్తున్నాయంటావ్?"

"దేని వల్లో నాకు ఖాయంగా తెలియదండి. నీళ్ల మీద నా అనుమానం. కాలువ కట్టేశాక మడుగుల్లో నిలిచినవే అందరూ తాగుతున్నారు. కాని దీని వల్ల కాదని మాత్రం చెప్పగలను."

"కమిటీకి కారణం కావాలయ్యా. ఫలానాది కాదని చెబితే ఎవడికి కావాలి? పైగా ఆ సున్నం ఒకటి..."

ఆయన చెడ్డవాడు కాడు. సగం నిజం చూసి, మిగతా సగం కోసం ఎవరితోనూ పోట్లాడలేని మనిషి. అలాంటి అధికారులు మీకు చాలామంది తగులుతారు. వాళ్ల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. అలా మాత్రం తయారవకండి.

దుకాణం మూసేశారు. ఇమాం కొక్కేలు ఊడదీసి గోనెసంచిలో చుట్టాడు. జ్యేష్ఠంలో కాకినాడ నుంచి రంగూను ఓడ ఉందని, దాంట్లో పోతానని చెప్పాడు. అక్కడ బియ్యం మిల్లుల్లో మూటలు మోస్తాడట.

"నీ పిల్లలో?"

"ముందు నేను వెళ్లి, తరవాత చూస్తానండి."

రంగూను వెళ్లి, తరవాత చూడని తండ్రులు మా పేటలోనే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఇమాంకీ తెలుసు. అందుకే నా మొహం చూడలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మకి చెప్పాను. అప్పటికి అమ్మ నా దగ్గరే ఉండేది. అంతా విని, "పచ్చగా ఉంటే భయమా?" అంది. "నెయ్యి పచ్చగా ఉండదా? పాలు ఇచ్చేది, మాంసం ఇచ్చేది ఒకే గొడ్డు కాదా? వాళ్ల నెయ్యి తింటే రాని కామెర్లు దీనికెందుకొస్తాయిరా?"

అంత మంచి వాదం రాజమండ్రి సభల్లో కూడా వినలేదు. మర్నాడు డాక్టరుకి చెబితే నవ్వి ఊరుకున్నాడు.

చైర్మన్ గారు దిగిన మెట్లు

దుకాణం మూసి ఉంది. ఊళ్లోకి పసుపు కొవ్వన్నది రాలేదు. కామెర్లు తగ్గాయా? పెరిగాయి. మాంసం పేరెత్తని వీధుల్లోకి వెళ్లాయి. కోమటి వీధి, తరవాత అగ్రహారం. నేను రోజూ ఆఫీసుకి వెళ్లి ఆ సంగతి చెబుతూనే ఉన్నాను. "పాత మాంసం ప్రభావం" అన్నాడు ఒక మెంబరు. తినని మాంసానికి కూడా ప్రభావం ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఒక సాయంత్రం చైర్మన్ గారి ఇంటి నుంచి కబురొచ్చింది. వెళ్లి పెరటి గేటు దగ్గర నిలబడ్డాను, అలవాటు ప్రకారం. ఆయన వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. కాసేపు అక్కడే ఆగి, మెట్లు దిగి, పెరడు దాటి నా దగ్గరికి వచ్చాడు. అంత దగ్గరగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. బాగా ముసలివాడైపోయినట్టున్నాడు.

"మా ఇంటావిడ కళ్లు పచ్చబడ్డాయయ్యా," అన్నాడు.

నేను గేటు మీద నుంచి చెయ్యి తీశాను.

"మడి కట్టుకుని తన చేత్తో వండుకున్నది తప్ప ముట్టదు. మా కోడలు తాకిన గిన్నె కూడా కడిగి వాడుకుంటుంది. ఈ ఇంట్లోకి..." ఆగిపోయాడు. "ఆవిడ ఏ కొవ్వు తిన్నదనుకోవాలి?"

గెలిచినవాడి సంతోషం ఉంటుందని అనుకున్నాను. రాలేదు. "నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయండి?" అని అడిగాను.

"మడినీళ్లేనయ్యా. వంటబ్రాహ్మడు తడిబట్టతో తెస్తాడు. కాలువ మడుగు నుంచి."

"మడుగు పై నుంచి బజారు మురుగంతా దిగుతుందండి. తడిబట్టకి అది తెలియదు. ఇక నుంచి కాచి, చల్లార్చి ఇవ్వండి. దాని వల్లే వచ్చిందని ప్రమాణం చెయ్యలేను. కాచితే పోయేదేం లేదు కదండి."

ఆయన తల ఊపాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఆ గంపలో ఏం తెచ్చావు ఆవేళ?" అన్నాడు.

"కన్నండి. తెల్లగా ఉంది."

ఆవిడ కోలుకుంది. చాలా రోజులు పట్టింది. ఈలోగా కమిటీ మళ్లీ కూర్చుంది. వకీలు గారు ఏదో మొదలుపెట్టబోతే చైర్మన్ గారు చెయ్యెత్తి ఆపి ఒక్క మాట అన్నాడని డాక్టరే నాకు చెప్పాడు. "మా ఇంట్లో ఆ కొవ్వు లేదు. కామెర్లు ఉన్నాయి. ఇంక దాని గురించి మాట్లాడకండి." దుకాణం తెరవమన్నారు. సున్నం పూస్తే లైసెన్సు పోతుందని కూడా రాశారు. ఆ షరతు నేనే రాయించాను.

తనకి తగిలేదాకా ఆయన చూడలేదు కదా అని మీరంటారు. నిజమే. కాని తగిలాక కూడా చూడనివాళ్లని ఎంతమందిని చూశానో నాకు తెలుసు. పదిమంది ఎదుట తన ఇంటినే సాక్ష్యంగా నిలబెట్టడం చిన్న పని కాదు. ఆయన పోయినప్పుడు నేను వీధి చివర నిలబడి దండం పెట్టుకున్నాను.

ముందువైపు కొక్కెం

ఉత్తర్వు పట్టుకుని నేను ఇమాం ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో బండి కట్టి ఉంది. ఎద్దులు నెమరేస్తున్నాయి. ఇమాం తల్లి గుమ్మంలో కూర్చుని కొడుకు చొక్కా అంచు పట్టుకుని ఉంది, వదిలితే వెళ్లిపోతాడన్నట్టు. కాగితం చదివి వినిపించాను. ఇమాం ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. బండివాడితో, "నీ బండి విప్పుకో అబ్బాయ్," అన్నాడు. అంతే. వాగుడుకాయ ఆ పూట గోనెసంచి విప్పి కొక్కేలు లెక్కపెట్టుకున్నాడు.

కాలువలకి నీళ్లు వదిలిన వారంలోనే దుకాణం తెరిచాడు. ఫాల్గుణంలో బాగా మేసిన కోడెదూడ. మేత మారినా కొవ్వులో ఆ రంగు నెలల తరబడి పోదు. మునుపు పచ్చటి ముక్కల్ని వెనక గోడకి, చీకట్లో పెట్టేవాడు. ఈసారి ముందువైపు, వీధిలోకి, ఎండ పడే చోట కొక్కేనికి తగిలించాడు. పసుపు కొవ్వు ఎండకి మెరుస్తోంది.

జనం చేరారు. ఎవరూ దగ్గరికి రాలేదు. ఇమాం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కన నిలబడ్డాను. నేను కొంటే ఉద్యోగి కొన్నాడంటారు, అందుకని కొనలేదు. చెప్పాల్సింది చెప్పేశాను. ఇక ఒక ఇన్‌స్పెక్టరు చెయ్యగలిగింది ఏమీ లేదు. నిజాన్ని ఎండలో వేలాడదీసి, ఎవరో ఒకరు చెయ్యి చాచేదాకా ఆగడమే.

గుంపుని తోసుకుంటూ మా అమ్మ వచ్చింది. నేను రమ్మనలేదు. నా వైపు చూడలేదు కూడా. తొడని రెండు చేతులతో తిప్పి, కొవ్వు మీద గోటితో గీరింది. గోరు చూసుకుంది. వాసన చూసింది.

"ఏం మేసింది సాయిబూ?" అంది, ఊరందరికీ వినపడేలా.

ఇమాం కట్టుకున్న చేతులు విప్పాడు. "పిల్లిపెసర, పెద్దమ్మా. మా ఊరి పిల్లిపెసర."

"కనపడుతూనే ఉందిలే," అంది అమ్మ, గంప కింద పెడుతూ. "కొవ్వు కాస్త ఎక్కువ వెయ్యి. మసాలా వెయ్యను ఇవాళ."